మాత్రల సంగతి అత్తగారికెలా తెలిసింది?

ఈ వారం వచ్చిన ఉత్తరం చాలా పొడుగ్గా ఉంది. అర్ధరాత్రి ఫోన్లో టైప్ చేసినట్టున్నారు, మధ్యలో రెండుసార్లు "ఇది చదివి నాకు పిచ్చి అనుకోకండి" అని కూడా రాశారు. పిచ్చేం లేదు. గుర్తుపట్టే వివరాలు తీసేసి, కొన్ని మార్చి, కాస్త కుదించి చెప్తాను.

రాసినావిడకి 31 ఏళ్ళు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారానికి మూడ్రోజులు ఆఫీసు, మిగతా రెండ్రోజులు ఇంట్లోంచే పని. పెళ్ళై ఆరేళ్ళు, మూడేళ్ళ బాబు. అత్తామామలు ఒంగోల్లో ఉంటారు, అప్పుడప్పుడు వచ్చి పదిహేను రోజులుండి వెళ్తారు. ఆడపడుచు డాలస్‌లో. బాబుకి పది నెలలప్పుడు, ఈవిడ మళ్ళీ ఉద్యోగంలో చేరబోతోందనగా, ఇండియా వచ్చిన ఆ ఆడపడుచు హాల్లో ఫ్రిజ్ మీద ఒక వైఫై కెమెరా పెట్టి తన ఈమెయిల్‌తోనే సెట్ చేసి వెళ్ళింది, ఆయమ్మ బాబుని ఎలా చూసుకుంటుందో ఆఫీసులో ఉన్నా కనపడాలని. అప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషపడింది నేనే అని ఈవిడే ఒప్పుకుంటున్నారు.

ఇప్పుడేమో ఒక శనివారం రాత్రి, తలకి నూనె రాసుకుని నైటీలో సోఫాలో కాళ్ళు బార్లా చాపుకుని పెరుగన్నం తింటుంటే ఫ్రిజ్ మీంచి గొంతు వినపడిందట, "వదినా, బాబు స్విచ్‌బోర్డ్ దగ్గరికి వెళ్తున్నాడు చూడు" అని. గిన్నె చేతిలోంచి జారిపోయింది అని రాశారు. "అదేదో పెద్ద తప్పు కాదండీ, బాబు కోసమే చెప్పింది, కానీ ఆ రోజు నుంచి నేను నా హాల్లో కూడా చున్నీ వేసుకునే తిరుగుతున్నాను."

ఇంకోటి, గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్. కడుపుతో ఉన్నప్పుడు ఒకసారి ఆఫీస్ క్యాబ్ రాత్రిపూట టైరు పంక్చరై ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆగిపోతే వాళ్ళాయన కంగారుపడ్డారని షేరింగ్ పెట్టుకున్నారు, అది అలాగే ఉండిపోయింది. పోయిన నెల ఆఫీసు అయ్యాక ఇంటికి రాబుద్ధి కాక కొండాపూర్ బొటానికల్ గార్డెన్‌లో నలభై నిమిషాలు ఊరికే కూర్చుంటే "అక్కడేం పని?" అని మెసేజ్. "పనేం లేదు, ఆ మాటే చెప్పలేకపోయాను, ఫ్రెండ్ కలిసిందని అబద్ధం చెప్పాను. తప్పు చెయ్యకుండానే దొంగనయ్యాను" అంటున్నారు. గేటు యాప్ సంగతి సరేసరి, వాచ్‌మన్ ఎవర్ని లోపలికి పంపినా మెసేజ్ మొగుడూ పెళ్ళాలిద్దరికీ పోతుంది, పుట్టింటి నుంచి తమ్ముడొస్తే ఆ వార్త ఈవిడ చెప్పేలోపే ఆయనకి తెలిసిపోతుంది.

అసలు దెబ్బ మాత్రం ఇది. రెండు నెలలుగా నిద్ర పట్టక, ఊరికే ఏడుపొస్తుంటే ఎవరికీ చెప్పకుండా ఒక సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్ళారు. నగదు ఇచ్చారు, కాగితం ఎవరి కంటన్నా పడుతుందేమోనని ప్రిస్క్రిప్షన్ ఫోటో తీసుకుని కాగితం చింపేశారు. పది రోజుల తర్వాత ఒంగోలు నుంచి అత్తగారి ఫోన్: "ఆ నిద్ర మాత్రలు మింగితే పొద్దున్నే లేవగలవా అమ్మాయ్, బాబుని ఎవరు చూస్తారు?" దాంతో ఈవిడకి ఖాయమైపోయింది, మావారే నా ఫోన్లో ఏదో స్పై యాప్ పెట్టారు, వాళ్ళమ్మకి చెప్పారు అని. దానికి రుజువులు కూడా రాశారు. ఫోన్ వేడెక్కుతోంది, బ్యాటరీ తొందరగా అయిపోతోంది, యూట్యూబ్ తెరిస్తే తనెప్పుడూ చూడని ప్రవచనాలూ, సీరియల్ ముక్కలూ, ఉసిరికాయ పచ్చడి వీడియోలూ వస్తున్నాయి, ఎవరో తన అకౌంట్లో తిరుగుతున్నారు అని. ఆ కోపంలో ఒక రాత్రి ఆయన నిద్రపోతుంటే ఆయన వేలు పెట్టి ఫోన్ తెరిచి వాట్సాప్ అంతా చదివారు. ఏమీ దొరకలేదు, క్రికెట్ గ్రూపు, హోమ్ లోన్ మెసేజ్‌లు. ఇప్పుడు ఆ సిగ్గు ఒకటి. మూడు వారాలుగా ఆయనతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు, ఎందుకో ఆయనకి తెలీదు.

అడుగుతున్నవి: నేను అతిగా ఆలోచిస్తున్నానా? ఫోన్ ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాలా? ఆయన్ని నిలదీయాలా? పోలీస్ కంప్లైంట్ ఇస్తే నిలబడుతుందా?

అమ్మా, ముందు ఆ ఉసిరికాయ పచ్చడి దగ్గర మొదలుపెడతాను. మీవారు మీ మీద నిఘా పెట్టాలంటే మీ యూట్యూబ్‌లో కూర్చుని పచ్చడి వీడియోలు ఎందుకు చూస్తారు చెప్పండి? మీ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను, ఎక్కడో మధ్యలో, బ్యాటరీ గురించి చెప్తూ చెప్తూ, ఒక వాక్యం రాసి వదిలేశారు: "ఇది కొత్త ఫోనే, దసరాకి కొన్నాం, పాతది అత్తయ్యకి ఇచ్చేశాను, బాబు చిన్నప్పటి ఫోటోలన్నీ దాన్లో ఉన్నాయి కదా చూసుకుంటారని ఏమీ తుడవలేదు." అదండీ సంగతి, నాకైతే అలాగే అనిపిస్తోంది.

ఫోటోలు తుడవకుండా ఇచ్చారంటే మీ గూగుల్ అకౌంట్ కూడా దాన్లోనే ఉండిపోయి ఉంటుంది. ఫోటోలనేవి ఫోన్లో ఉన్నాయని మనం అనుకుంటాం గానీ బ్యాకప్ ఆన్‌లో ఉంటే అవి ఉండేది అకౌంట్లో. మీరు హైదరాబాద్‌లో కొత్త ఫోన్‌తో ఒక ఫోటో తీస్తే అది పైకెక్కి, అదే అకౌంట్ ఉన్న పాత ఫోన్లో, ఒంగోల్లో, మనవడి ఫోటోల పక్కనే వచ్చి కూర్చుంటుంది. పెద్దావిడ పొద్దున్నే కాఫీ తాగుతూ మనవడి కొత్త ఫోటోలు ఏమొచ్చాయా అని తెరిస్తే మధ్యలో డాక్టర్ చీటీ. ఆవిడ మీ ఫోన్లోకి దూరలేదు, ఆవిడ చేతిలో ఉన్నదే మీ ఫోను. మీ యూట్యూబ్‌లో ప్రవచనాలు కనపడ్డాయంటే అర్థం ఆవిడ అక్కడ చూస్తున్నారని. కిటికీ రెండు వైపులా తెరుచుకునే ఉంది, మీరేం చూస్తున్నారో కూడా ఆవిడకి కనపడుతూ ఉండొచ్చు, రాత్రి రెండింటికి నిద్ర పట్టకపోతే ఏం చెయ్యాలి అని మీరు వెతికినవి కూడా.

నూటికి నూరుపాళ్ళు ఇదే అని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. మీరే రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్, దాన్లో సెక్యూరిటీ, కిందకి వస్తే మీ అకౌంట్ ఏయే డివైసుల్లో తెరిచి ఉందో లిస్టు. మీ పాత మోడల్ పేరు అక్కడ కనపడితే సగం చిక్కు వీడినట్టే. అది చూశాక వెంటనే సైన్ అవుట్ కొట్టెయ్యకండి, ఒక్క నిమిషం ఆగండి, ఎందుకో చెప్తాను. మీరు ఇక్కడ నొక్కిన క్షణం నుంచి అక్కడ ఆవిడకి మనవడి ఫోటోలు కనపడడం మానేస్తాయి, అకౌంట్లో సేవ్ అయి ఉన్న నంబర్లు కొన్ని పోతాయి, యాప్స్ పాస్‌వర్డ్ అడుగుతాయి. ఆవిడ కంగారుపడి కొడుక్కి ఫోన్ చేస్తారు, ఆయన మిమ్మల్ని అడుగుతారు, మీరు మాట్లాడాలనుకున్న మాట మీ చేతిలోంచి జారి ఆయన ప్రశ్నగా మొదలవుతుంది. అది మీకు పర్వాలేదనుకుంటే ఇప్పుడే కొట్టెయ్యండి, మీ అకౌంట్ మీ ఇష్టం, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. అలా వద్దనుకుంటే ముందు బాబు ఫోటోలకి ఒక షేర్డ్ ఆల్బమ్ చేసి, ఆవిడకి వేరే అకౌంట్ ఒకటి తెరిచి, ఆ ఆల్బమ్ దానికి పంపించి, అప్పుడు సైన్ అవుట్ చెయ్యండి. కాస్త ఆలస్యమవుతుంది, ఈలోపు మీరు ఫోటో తీసే ప్రతిదీ ఒంగోలు వెళ్తుందని గుర్తుపెట్టుకుని బ్యాకప్ ఆపేసుకోండి. మూడో దారి కూడా ఉంది, ఆవిడకే ఫోన్ చేసి "అత్తయ్యా, నా ఫోటోలు మీ ఫోన్లో కనపడుతున్నాయి కదూ" అని అడగడం. ఆవిడ అవునమ్మా అంటే మూడు వారాల అనుమానం మూడు నిమిషాల్లో తేలుతుంది. కాకపోతే మాత్రల గురించి ఇంకో రెండు ప్రశ్నలు వెంట వస్తాయి, వాటికి సిద్ధపడి చెయ్యండి.

పనిలో పని, ఆ లిస్టు చూశాక వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ కూడా చూడండి. ఒక నంబరుకి నాలుగు డివైసులదాకా కలపొచ్చు, ఎప్పుడో ఇంట్లో లాప్‌టాప్‌కి కలిపి మర్చిపోయి ఉంటే అక్కడ మీ మెసేజ్‌లు అలా వస్తూనే ఉంటాయి, మీ ఫోన్ ఆఫ్‌లో ఉన్నా సరే. తెలియనిది ఉంటే తీసెయ్యండి. యాప్స్ లిస్టులో మీరు వేసుకోని యాప్ ఏదన్నా ఉందా, సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలోనూ డివైస్ అడ్మిన్ యాప్స్‌లోనూ తెలియని పేరేదన్నా పర్మిషన్ తీసుకుని కూర్చుందా చూడండి. అక్కడ నిజంగానే ఏదన్నా దొరికితే నేను పైన చెప్పిందంతా మారిపోతుంది. అప్పుడు ఆవేశంలో దాన్ని డిలీట్ చెయ్యకండి, ఫ్యాక్టరీ రీసెట్ అసలే కొట్టకండి, వేరే ఫోన్‌తో స్క్రీన్‌ని ఫోటో తీసి మీరు నమ్మే మనిషి దగ్గర దాచండి. రీసెట్ కొడితే యాప్‌తో పాటు రుజువూ పోతుంది, పైగా పెట్టినవాళ్ళకి మీకు తెలిసిపోయిందని తెలిసిపోతుంది. మీవారు చెయ్యి చేసుకునే మనిషని గానీ మీరు భయపడుతున్నారని గానీ ఉత్తరంలో నాకు కనపడలేదు, కానీ ఉత్తరాల్లో అన్నీ రాయరు, నాకు తెలుసు. అలాంటిదేమన్నా ఉంటే మాత్రం ఈ సమాధానం పక్కన పెట్టి వేరే ఫోన్ నుంచి మహిళా హెల్ప్‌లైన్ 181కి చేయండి, లేదా పోలీసుల షీ టీమ్స్‌ని పట్టుకోండి.

అతిగా ఆలోచిస్తున్నానా అనడిగారు. దారి తప్పింది గానీ ఆలోచన అతి కాదు. మీకు జరిగింది నిజంగానే జరిగింది, మీరు చెప్పకుండా దాచుకున్న మాట మీకు వినపడింది వేరేవాళ్ళ నోట్లోంచి. ఎవరు చేశారన్నది మాత్రం మీరు తప్పు లెక్కేశారేమో. ఇలాంటి కేసుల్లో నేను చూసినంతవరకు విలన్ ఉండడు. కెమెరా బాబు కోసం వచ్చింది, లొకేషన్ పంక్చరైన టైరు కోసం, ఫోన్ నాయనమ్మ ముచ్చట కోసం. ప్రతిదీ ఒక మంచి కారణంతో లోపలికొచ్చింది, ఆ కారణం అయిపోయాక బయటికి పంపించినవాళ్ళు లేరు. పెళ్ళికొచ్చిన చుట్టం మూడేళ్ళయినా హాల్లోనే మంచం వేసుకున్నట్టు. వచ్చినప్పుడు తాళం ఎవరి చేతిలో ఉంటుందీ, ఎన్నాళ్ళుంటుందీ అని ఎవరూ అడగలేదు, మీరూ అడగలేదు.

మీవారో అత్తగారో రేపు ఒక మాట అంటారు, నాకు ముందే వినపడుతోంది, "ఇంట్లోవాళ్ళ దగ్గర దాపరికం ఏంటి, పూర్వం ఊళ్ళో ఎవరింట్లో ఏం వండారో కూడా అందరికీ తెలిసేది" అని. నిజమే, తెలిసేది. మా అమ్మమ్మగారి వీధిలో అరుగు మీద కూర్చునే పిన్నిగారొకావిడకి తెలియనిది లేదు. కానీ ఆ పిన్నిగారు మనకి కనపడేది! ఆవిడ చూస్తోందని తెలిసి మనం కొంగు సర్దుకునేవాళ్ళం, వద్దనుకుంటే దొడ్డిదారిన పోయేవాళ్ళం, ఆవిడ ఏం చూసిందో వారం తర్వాత ఆవిడకే సగం గుర్తుండేది కాదు. మా తాతగారైతే ఆడవాళ్ళు కూర్చున్న గదిలోకి రావాలంటే గుమ్మం దగ్గర ఒకసారి దగ్గేవారు. దగ్గొచ్చి కాదు, నేనొస్తున్నాను అని చెప్పడానికి. మీ ఫ్రిజ్ మీదున్నదానికి దగ్గు రాదు. చిన్న లైటు వెలుగుతుందేమో గానీ డాలస్‌లో ఇప్పుడు చూస్తున్నారా లేదా అన్నది ఆ లైటు చెప్పదు. అందుకే మీరు ఇరవైనాలుగ్గంటలూ చున్నీ వేసుకుంటున్నారు, ఆవిడ వారానికి అయిదు నిమిషాలే చూసినా సరే.

ఇక కెమెరా సంగతి. ప్లగ్ పీకి అటక మీద పడెయ్యొచ్చు, అది ఒకటి. బాబుకి మూడేళ్ళొచ్చాయి, ప్లేస్కూల్‌కి వెళ్తున్నాడని రాశారు, అసలు అవసరమే సగం తీరిపోయింది. అలా చేస్తే ఆడపడుచు "నేను కొనిచ్చింది తీసేశారు" అని ఒక నెల మొహం ముడుచుకుంటుంది, తట్టుకోగలరనుకుంటే ఇదే అన్నిటికంటే తేలిక. లేదూ ఉండాలి అనుకుంటే అకౌంట్ మీ పేరు మీదకి మార్చుకోవాలి, ఇక్కడ ఒక చిక్కుంది, కొన్ని కంపెనీల కెమెరాలు రీసెట్ బటన్ నొక్కినా పాత ఓనర్ తన యాప్‌లోంచి తీసేస్తే తప్ప కొత్తవాళ్ళకి కలవవు, అంటే ఆడపడుచుతో మాట్లాడక తప్పదు. ఆవిడ తీసేశాక మీరూ మీవారే ఓనర్లు, బాబుని చూడాలనుకుంటే వీడియో కాల్ చెయ్యమనండి. వీడియో కాల్ మోగుతుంది, మీరు ఎత్తుతారో లేదో మీ ఇష్టం. అదే తేడా, ఆవిడకి కూడా చెప్పి చూడండి, కోపంగా కాకుండా ఆ పెరుగన్నం కథ నవ్వుతూ చెప్పండి, నేనైతే అలాగే చెప్తాను. ఆవిడ అక్కడ వాళ్ళింట్లో రాత్రి సోఫాలో కూర్చుంటే ఒంగోలు నుంచి మావయ్యగారి గొంతు వస్తే ఎలా ఉంటుందో ఆవిడే ఊహించుకుంటుంది.

ఈ రెండూ కుదరకపోతే నా దగ్గర ఒక మోటు ఉపాయం ఉంది, నాకు బాగా ఇష్టమైంది. మీరూ మీవారూ ఇంట్లో లేనప్పుడు మాత్రమే ప్లగ్ పెట్టడం, మీరో మీవారో గుమ్మంలో అడుగుపెట్టగానే పీకెయ్యడం. యాప్‌లో ప్రైవసీ మోడ్ లాంటివి ఉంటాయి గానీ దాన్ని యాప్ ఉన్నవాళ్ళు అక్కడినుంచే మళ్ళీ ఆన్ చెయ్యొచ్చు. పీకిన ప్లగ్‌ని మాత్రం డాలస్ నుంచి ఎవరూ పెట్టలేరు, పీకి ఉందని అందరికీ కళ్ళకి కనపడుతుంది.

మీవారిని ఒప్పించడానికి మీ ఇబ్బంది ఒక్కటి చాలకపోతే, చాలాలి, కానీ చాలకపోతే, రాజ్‌కోట్ సంగతి చెప్పండి. 2025 ఫిబ్రవరిలో అక్కడ ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఆడవాళ్ళని పరీక్ష చేసే గదిలోని సీసీ కెమెరా వీడియోలు బయటికొచ్చి టెలిగ్రామ్‌లో అమ్మకానికి పెట్టారు. కెమెరా పెట్టినవాళ్ళు సెక్యూరిటీ కోసమనే పెట్టారు. మీ హాల్ కెమెరా పాస్‌వర్డ్ ఏంటో మీకు తెలుసా? రెండేళ్ళ కింద ఆడపడుచు హడావిడిలో పెట్టింది, బాబు పేరు, పుట్టిన సంవత్సరం అయ్యుంటుంది, పందెం కాస్తాను. మన ఊళ్ళో కూడా ఒక్క సీసీ కెమెరా వందమంది పోలీసులతో సమానం అని చెప్పీ చెప్పీ అందరిచేతా పెట్టించారు, ఆ వందమందికి తాళాలు ఎవరు వేస్తారన్నది మాత్రం కొన్నవాళ్ళకి వదిలేశారు.

లొకేషన్ దగ్గర మీవారి వైపు కూడా ఒకసారి చూడాలి. ఆ రాత్రి ఔటర్ మీద కడుపుతో ఉన్న భార్య ఫోన్ ఎత్తకపోతే ఆ మనిషి పడ్డ కంగారు ఇంకా లోపల ఎక్కడో ఉండే ఉంటుంది. "అక్కడేం పని" అన్నది అనుమానమా, అలవాటుగా అన్న మాటా అన్నది మీకే తెలియాలి, మెసేజ్‌లో గొంతు వినపడదు. చెప్పకుండా ఆఫ్ చేస్తే మ్యాప్‌లోంచి మీ బొమ్మ మాయమవుతుంది, ఆయన గమనిస్తారు, ఇప్పటికే మూడు వారాలుగా మీరు సరిగ్గా మాట్లాడట్లేదు, ఆయన ఆలోచన ఎటు పోతుందో మీరే ఊహించండి. చెప్పి ఆఫ్ చేస్తే ఒక గంట వాదన, కానీ దాంతో అయిపోతుంది. మధ్యేమార్గం, రాత్రి క్యాబ్ ఎక్కినప్పుడు, ఒక్కరే దూరం వెళ్ళినప్పుడు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపించడం, పావుగంటకో గంటకో ఎనిమిది గంటలకో పెట్టుకోవచ్చు, టైమ్ అవ్వగానే దానంతటదే ఆగిపోతుంది. అలాగే ఉంచేద్దాం అనుకున్నా తప్పు కాదు, చాలామంది ఉంచుకుంటారు, కానీ అలా అయితే చుక్క కనపడినంత మాత్రాన సంజాయిషీ అడగకూడదు అన్న ఒప్పందం ఉండాలి. బొటానికల్ గార్డెన్‌లో నలభై నిమిషాలు కూర్చున్నదానికి కారణం మీకు మీరే చెప్పుకోలేని రోజులు కొన్ని ఉంటాయి, వాటిని ఇంకొకరికి ఎలా చెప్తారు. గేటు యాప్‌లో మీ ఒక్కరికే మెసేజ్ వచ్చేలా పెట్టుకోవచ్చేమో చూడండి, నాకైతే అది పెద్ద విషయంగా అనిపించలేదు, తమ్ముడొచ్చాడని బావకి తెలిస్తే ఇంకో కప్పు టీ ఎక్కువ పడుతుంది అంతే.

పోలీసులు, చట్టం గురించి అడిగారు కాబట్టి చెప్తాను, ఆశపడకండి, భయపడకండి కూడా. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీల బెంచ్ ప్రైవసీ ప్రాథమిక హక్కే అని తేల్చింది, కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి పుట్టస్వామిగారు ఆధార్ మీద వేసిన కేసులో. ఆ తర్వాత 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, కానీ మనుషులు సొంతానికీ ఇంటి అవసరాలకీ వాడుకునే డేటాకి అది వర్తించదు అని దాన్లోనే రాసుంది. అంటే అది బ్యాంకులు, యాప్ కంపెనీల లాంటివాళ్ళ కోసం పెట్టింది, ఆడపడుచుని ఆ చట్టం కింద అడగలేరు. రహస్యంగా ఫోన్లో నిఘా పెట్టడం, ఒంటి మీద బట్టల్లేని చోట కెమెరా పెట్టడం లాంటివాటికి మాత్రం గట్టి సెక్షన్లే ఉన్నాయి, 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ బదులు అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఒక స్త్రీ ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకం మీద మగవాడు కన్నేసి ఉంచడం కూడా వెంటపడి వేధించడం కిందకే వస్తుంది. మీరు మీ చేత్తో ఇచ్చిన ఫోన్లో మీ అకౌంట్‌ని అత్తగారు చూస్తే అది అక్కడిదాకా వెళ్ళే కేసు కాదు. స్టేషన్‌కి వెళ్తే కౌన్సెలింగ్ అని అందర్నీ పిలిపిస్తారు, అక్కడ బల్ల మీద మీ మాత్రల సంగతి ఇంకో నలుగురు వింటారు.

మొగుడూ పెళ్ళాల ఫోన్ల మీద కోర్టులే ఒక మాట మీద లేవు. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకి 2007 ప్రాంతంలో ఒక విడాకుల కేసు వచ్చింది, భార్య తనవాళ్ళతో ఫోన్లో మాట్లాడినవి భర్త దొంగతనంగా రికార్డు చేసి సాక్ష్యం అన్నాడు, అది ఆమె ప్రైవసీ మీద దెబ్బే, కుదరదంది కోర్టు. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇంకో కేసులో అలాంటి రికార్డింగులు విడాకుల కేసుల్లో సాక్ష్యంగా పనికొస్తాయంది, ఒకళ్ళ మీద ఒకళ్ళు నిఘా పెట్టుకునేదాకా వచ్చారంటే అక్కడ నమ్మకం ముందే పోయిందని కూడా అంది. మీరు ఆ రాత్రి ఆయన వేలు పట్టుకున్నప్పుడు మీకు కూడా అదే కదా అనిపించింది, అందుకే సిగ్గుపడుతున్నారు.

ఆ సంగతి ఆయనకి చెప్పాలా వద్దా అని మీరు అడగలేదు, కానీ ఉత్తరం నిండా అదే ఉంది. చెప్తే ఆయనకి కోపం వస్తుంది, రావాలి కూడా, కానీ మీరు ఎంత భయపడ్డారో దానికంటే బాగా చెప్పే మాట ఇంకోటి లేదు. "మీ ఫోన్ చూశాను, ఏమీ లేదు, నా ఫోన్ మీరు చూస్తున్నారని అనుకుని చూశాను" అంటే ఆయనకి ఈ మూడు వారాల మౌనం ఒక్కసారిగా అర్థమవుతుంది. చెప్పకపోతే, కెమెరా గురించీ లొకేషన్ గురించీ మాట్లాడేటప్పుడు మీ గొంతు ఎక్కడో ఒకచోట తడబడుతుంది, కానీ అలా తడబడుతూనే పనులు చక్కబెట్టుకునేవాళ్ళూ ఉన్నారు. నేను బలవంతపెట్టను. మాట్లాడేటప్పుడు మాత్రం పాత ఫోన్ సంగతి తేల్చుకున్నాకే మాట్లాడండి. "మీరు స్పై యాప్ పెట్టారు" అని మొదలుపెట్టి తీరా అది ఉసిరికాయ పచ్చడి అని తేలితే, ఆ తర్వాత కెమెరా గురించి మీరు చెప్పేది న్యాయమైనా ఆయన చెవికెక్కదు.

మాత్రలు. ఇది అన్నిటికంటే ముందు రాయాల్సింది, వెనక్కి పడింది. అత్తగారికి తెలిసిపోయిందని, అనుమానాలొచ్చాయని మాత్రలు ఆపెయ్యకండి, ఆపాలన్నా తగ్గించాలన్నా ఆ డాక్టర్‌ని అడిగే చెయ్యండి. డాక్టరే చెప్పి ఉంటారేమో అని ఎక్కడో ఒక చోట అనుమానపడ్డారు, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీ వైద్యం గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత వాళ్ళ మీద ఉంది, ఊరికే మీ ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేసి చెప్పడానికి లేదు, ఆ దిగులు పెట్టుకోకండి. అత్తగారికి ఎంత చెప్పాలన్నది మీ ఇష్టం. "నిద్ర పట్టట్లేదత్తయ్యా, డాక్టర్ ఇచ్చారు" అని ఒక్క ముక్క చెప్పి ఆపితే అది అబద్ధం కాదు, పూర్తి కథా కాదు. అసలు మాట దాటేస్తే ఆవిడ తనకి తోచింది కల్పించుకుని ఒంగోల్లో ఇంకో ఇద్దరికి చెప్తారేమో, మీ అత్తగారి సంగతి మీకే బాగా తెలుసు. మీవారికి మాత్రం మీ నోటితో చెప్పడమే నయం అని నాకనిపిస్తుంది, వాళ్ళమ్మ నోటి ద్వారా వెళ్ళేలోపు, ఇంకా వెళ్ళకపోయి ఉంటే. చెప్పకూడదనుకుంటే దానికీ మీకు కారణాలుంటాయి.

ఇంకొక్కటి. మీ ఉత్తరం చివర్లో, ఏదో వింతలా, ఒక మాట రాశారు, ఆయమ్మ ఎప్పుడు అన్నం తిన్నా ఫ్రిజ్‌కి వీపు పెట్టి గోడవైపు తిరిగి తింటుందని, రెండేళ్ళుగా అంతేనని. మీరు చున్నీ వేసుకుంటున్నట్టే ఆవిడా వీపు తిప్పుకుంటోంది, మీకంటే రెండేళ్ళు ముందు నుంచి. ఆవిడని అప్పుడెవరూ అడిగి ఉండరు, మీరు ఆఫీసులో కూర్చుని చూసినప్పుడు ఆవిడకీ దగ్గు వినపడలేదు. ఆ కెమెరా ఎక్కడుండాలి, ఎప్పుడు పీకాలి అని మీరిద్దరూ కూర్చుని తేల్చుకునే ఆదివారం, ఆవిడ పనిలోకొస్తుంటే ఆవిడని కూడా కూర్చోబెట్టి అడగండి, యాప్ ఎవరెవరి ఫోన్లో ఉందో చూపించండి. డాలస్ సంగతి ఆవిడకి తెలుసో లేదో నాకు అనుమానమే.